సర్కారు టెండర్‌లో ‘ఎల్1’ గెలిస్తే ఓడేదెవరు? ధరకు కోత.. కూలీకి వాత!

ప్రభుత్వాసుపత్రి గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. వార్డు ఊడ్చే ఆయమ్మ. కలెక్టరేట్‌లో డేటా ఎంట్రీ ఆపరేటర్. తెల్లారకముందే చీపురు పట్టుకుని వీధిలోకి వచ్చే పారిశుధ్య కార్మికుడు. వీళ్లలో చాలామంది పని చేసేది సర్కారుకే, కానీ జీతం ఇచ్చేది మాత్రం ఏజెన్సీ. నెల తిరిగేసరికి జీతం పడకపోతే ఆఫీసులో అడిగితే ‘ఏజెన్సీని అడుగు’ అంటారు. ఏజెన్సీని అడిగితే ‘పైనుంచి బిల్లు రాలేదు’ అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పకపోవచ్చు. కానీ మధ్యలో నలిగిపోయేది కార్మికుడే.

కార్పొరేట్ సామాజిక బాధ్యత, అదే సీఎస్‌ఆర్ గురించి మాట్లాడేటప్పుడు మనకు స్కూలు భవనాలు, మినరల్ వాటర్ ప్లాంట్లు, మొక్కలు నాటే ఫొటోలు గుర్తొస్తాయి. కంపెనీల బాధ్యతను అంతకంటే ఎక్కువగా శాసించే కాగితం ఇంకోటి ఉంది. అదే టెండర్ డాక్యుమెంట్. సరుకైనా, సేవైనా ప్రభుత్వం ఏ షరతుతో కొంటుందో, అమ్మేవాడు ఆ షరతుకు తగ్గట్టే తయారవుతాడు. ధర ఒక్కటే అడిగితే ధర ఒక్కటే చూసుకుంటాడు. కార్మికుడి పీఎఫ్ రసీదు కూడా అడిగితే, దాన్నీ తెస్తాడు. మరి మన ప్రభుత్వాలు ఏం అడుగుతున్నాయి?

దేశంలో అతిపెద్ద ఖాతాదారు

మన దేశంలో అతిపెద్ద కొనుగోలుదారు ఎవరంటే ప్రభుత్వమే. కేంద్రం, రాష్ట్రాలు, ప్రభుత్వరంగ సంస్థలు, మున్సిపాలిటీలు, పంచాయతీలు కలిపి చేసే కొనుగోళ్లు జీడీపీలో 15 నుంచి 20 శాతం దాకా ఉంటాయని అంచనా. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోలు వేదిక ‘జెమ్’ 2016 ఆగస్టులో మొదలైంది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో దాని మీద జరిగిన కొనుగోళ్ల విలువే 4 లక్షల కోట్ల రూపాయలు దాటింది. అందులో దాదాపు సగం సేవలది. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, మ్యాన్‌పవర్ సప్లై లాంటివన్నీ ఇందులోకే వస్తాయి.

ఇప్పుడు సీఎస్‌ఆర్ లెక్క చూద్దాం. కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 135 ప్రకారం.. 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. అదే 2023-24లో దేశంలోని కంపెనీలన్నీ కలిపి దీని కింద చేసిన ఖర్చు సుమారు 35 వేల కోట్లు. అంటే ఒక్క జెమ్ కొనుగోళ్ల ముందే అది పదో వంతు కూడా కాదు.

ఇంకో మెలిక కూడా ఉంది. కంపెనీ తన సొంత ఉద్యోగుల మేలు కోసం చేసే ఖర్చు సీఎస్‌ఆర్ కిందకు రాదని రూల్స్ స్పష్టంగా చెబుతున్నాయి. అది ఎలాగూ యజమాని చేయాల్సిన పనే కదా అన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ ఫలితం ఏంటంటే, కార్మికులకు పీఎఫ్ ఎగ్గొట్టిన కంపెనీ కూడా పక్క ఊళ్లో బడికి రంగులేయించి వార్షిక నివేదికలో సామాజిక బాధ్యత అనే పేజీ వేసుకోవచ్చు. ఆ పేజీ చూసి కార్మికుడికి ఒరిగేదేమీ లేదు. అతని బతుకును తేల్చేది టెండర్ షరతులే.

ఎల్1 లెక్క.. ఒకసారి వేసి చూద్దాం

ప్రభుత్వ ఆఫీసుల్లో అందరికీ తెలిసిన మాట ‘ఎల్1’. అంటే అర్హత ఉన్నవాళ్లలో అందరికంటే తక్కువ రేటు వేసినవాడు. టెండర్ అతనికే. పెన్నులు, ఫ్యాన్లు, బల్బులు కొనడానికి ఇది బాగానే పనిచేస్తుంది. ఎల్ఈడీ బల్బుల సంగతే తీసుకోండి. కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ టోకున కోట్ల సంఖ్యలో బల్బులకు టెండర్లు పిలవడంతో, 2014 మొదట్లో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగొచ్చింది. సర్కారు బేరం ఆడితే మార్కెట్టే మారిపోతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అదే పద్ధతిని మనుషులకు పెడితే ఏమవుతుంది? లెక్క తేలిగ్గా ఉండటానికి నెల జీతం 15,000 అనుకుందాం. యజమాని వాటా పీఎఫ్, దాంతో పాటు బీమా, అడ్మినిస్ట్రేషన్ ఛార్జీలు కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్ఐ వాటా 3.25 శాతం, అంటే 488. మొత్తం 17,438 రూపాయలు. బోనస్, జీఎస్టీ లాంటివి పక్కన పెడదాం. ఈ 17,438లో ఒక్క రూపాయి కూడా తగ్గించడానికి చట్టం ఒప్పుకోదు. మరి పది ఏజెన్సీలు పోటీ పడేది దేని మీద? మిగిలింది సర్వీస్ ఛార్జీ ఒక్కటే.

అందుకే ఏజెన్సీలు ఒకప్పుడు సర్వీస్ ఛార్జీ ‘సున్నా’ అని కోట్ చేసేవి. సున్నా వేసే బిడ్లను పరిగణనలోకి తీసుకోవద్దని కేంద్ర ఆర్థికశాఖ 2014 జనవరిలో చెప్పింది. దాంతో సున్నా పోయి 0.01 శాతం లాంటి రేట్లు వచ్చాయి. మన లెక్కలో 17,438కి 0.01 శాతం అంటే రూపాయి 74 పైసలు. వంద మందిని పనిలో పెట్టి, హాజరు చూసి, పీఎఫ్, ఈఎస్ఐ కట్టి, రిటర్నులు వేసే ఏజెన్సీకి నెలకు వచ్చేది 174 రూపాయలన్నమాట! ఆఫీసులో టీ ఖర్చుకు కూడా రాని డబ్బు కోసం ఎవరైనా టెండర్ వేస్తారా? వేస్తున్నారంటే లాభం ఇంకెక్కడో ఉందనే అర్థం. ఆ ‘ఇంకెక్కడో’ ఏంటో కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి. జీతంలో కొంత వెనక్కి తీసుకోవడం, ఉద్యోగం ఇచ్చేటప్పుడే వసూళ్లు, పీఎఫ్ కట్టకపోవడం, రికార్డులో వంద మందిని చూపించి ఎనభై మందితో పని కానివ్వడం.. ఫిర్యాదులన్నీ ఈ చుట్టూనే.

ఆ తర్వాత 2023 మొదట్లో జెమ్ మీద మ్యాన్‌పవర్ టెండర్లకు సర్వీస్ ఛార్జీ కనీసం 3.85 శాతం ఉండాలని నిర్ణయించారు. ఇది కచ్చితంగా ముందడుగే. మన లెక్కలో వంద మందికి నెలకు సుమారు 67 వేల రూపాయలు. అయితే కొత్త తిరకాసు వచ్చింది. అందరూ సరిగ్గా 3.85 శాతమే వేస్తున్నారు. అందరూ ఎల్1 అయ్యేసరికి చివరికి సిస్టమే ఒకరిని ఎంపిక చేయాల్సి వస్తోంది. అంటే కార్మికులకు ఇన్నేళ్లూ సరిగ్గా జీతాలిచ్చిన ఏజెన్సీకి, నిన్నగాక మొన్న బోర్డు పెట్టిన ఏజెన్సీకి తేడా లేకుండా పోయింది. మంచిగా ఉన్నందుకు ఒక్క మార్కు కూడా రానప్పుడు మంచిగా ఉండటానికి ఖర్చెందుకు పెడతారు?

బిల్లు ఆలస్యం.. అసలు విలన్ ఇదేనా?

ఇదే లెక్కను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్దాం. ప్రభుత్వం బిల్లు మూడు నెలలు ఆలస్యంగా ఇచ్చిందనుకోండి. వంద మందికి మూడు నెలల ఖర్చు దాదాపు 52 లక్షల 30 వేలు. అంత డబ్బు ఏజెన్సీ సొంతంగా తిప్పాలి. ఏడాదికి 12 శాతం వడ్డీకి తెచ్చినా నెలకు వడ్డీయే 52 వేలు దాటుతుంది. వచ్చే సర్వీస్ ఛార్జీ 67 వేలు. మిగిలిన 15 వేలలో సూపర్‌వైజర్ జీతం కూడా రాదు. నిజాయితీగా ఉందామనుకున్న చిన్న ఏజెన్సీ ఇక్కడే చేతులెత్తేస్తుంది. మిగిలేది రెండు రకాల వాళ్లు. బోలెడు డబ్బున్న పెద్ద కంపెనీలు, లేదంటే కార్మికుడి జీతాన్నే వడ్డీ లేని అప్పుగా వాడుకునే కంపెనీలు.

చట్టం దీనికీ ఒక మందు రాసింది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. కాగితం మీద ఇది గట్టి నిబంధనే. కానీ వచ్చే ఏడాది మళ్లీ అదే ఆఫీసులో టెండర్ వేయాల్సిన కాంట్రాక్టర్ ఆ ఆఫీసు మీదే కేసు వేస్తాడా? నీళ్లలో ఉంటూ మొసలితో వైరం ఎవరు పెట్టుకుంటారు? కాబట్టి సరఫరాదారుల బాధ్యత గురించి ప్రభుత్వం మాట్లాడే ముందు, కొనుగోలుదారుగా తన బాధ్యత తాను చూసుకోవాలి. డబ్బు టైంకి ఇవ్వని కొనుగోలుదారుకు షరతులు పెట్టే నైతిక బలం ఉండదు.

చట్టం ఎవరిని బాధ్యుడంటోంది?

‘మాకు సంబంధం లేదు, ఏజెన్సీ చూసుకుంటుంది’ అనే మాట చట్టం ముందు నిలబడదు. 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం, కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే ప్రధాన యజమానే ఇచ్చి తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలని చెప్పింది. సర్కారు ఆఫీసులో పని జరుగుతుంటే ప్రధాన యజమాని ఆ శాఖే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలోనూ ఈ సూత్రం కొనసాగింది. కాకపోతే కాంట్రాక్ట్ కార్మికుల నిబంధనలు వర్తించే సంఖ్యను 20 నుంచి 50కి పెంచారు. అంటే చిన్న చిన్న కాంట్రాక్టుల కింద పనిచేసేవాళ్లకు చట్టం నీడ కొంత తగ్గినట్టే. అక్కడ టెండర్‌లో రాసే షరతే దిక్కు.

ప్రాణాలు పోయే చోట ఈ విషయం ఇంకా సూటిగా తేలింది. మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగి చనిపోతున్న కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 20న తీర్పు ఇచ్చింది. మృతుల కుటుంబాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. దాంతో ఆగలేదు. ఔట్‌సోర్సింగ్ పనిలో మరణం జరిగితే కాంట్రాక్టును రద్దు చేయడం, ఆర్థిక బాధ్యత మోపడం లాంటి చర్యలు ఉండాలని, ఇందుకోసం ఒక నమూనా కాంట్రాక్టును కేంద్రం తయారు చేయాలని ఆదేశించింది. గమనించాల్సింది ఏంటంటే.. మనుషులను మ్యాన్‌హోల్‌లోకి దించకూడదనే చట్టం 2013 నుంచే ఉంది. పదేళ్లయినా మరణాలు ఆగకపోవడంతో కోర్టు చివరికి టెండర్ షరతు దగ్గరికి వచ్చింది. ఎందుకంటే యంత్రం కొనాలా, మనిషిని దించాలా అన్నది కాంట్రాక్టర్ తేల్చుకునేది ఆ కాగితం చూసుకునే.

షరతు పెడితే కంపెనీలు మారతాయా?

మారతాయి. బయటి దేశాల అనుభవం అదే చెబుతోంది. అయితే మంచికైనా, చెడుకైనా.

పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో తయారయ్యే కత్తెరలు, ఫోర్సెప్స్ లాంటి సర్జరీ పరికరాలు ప్రపంచంలోని చాలా ఆసుపత్రులకు వెళ్తాయి. స్వీడన్‌లో ఆసుపత్రులు నడిపేది అక్కడి ప్రాంతీయ కౌన్సిళ్లు. తాము కొంటున్న పరికరాల తయారీలో బాల కార్మికులు ఉన్నారని 2007లో స్వీడ్‌వాచ్ అనే సంస్థ బయటపెట్టింది. పన్నుల డబ్బుతో కొన్న కత్తెర వెనుక పసిపిల్లల చేతులున్నాయని తెలియడంతో దుమారం రేగింది. కౌన్సిళ్లు కలిసి సరఫరాదారులకు ఉమ్మడి ప్రవర్తనా నియమావళి పెట్టాయి. దాన్ని కాంట్రాక్టులో షరతుగా చేర్చాయి. తనిఖీలు మొదలుపెట్టాయి. సియాల్‌కోట్ సమస్యలన్నీ దాంతో తీరిపోలేదు. కానీ ‘మా సరుకు ఎక్కడ తయారవుతుందో మాకు తెలియదు’ అనే జవాబు మాత్రం ఆ తర్వాత చెల్లలేదు.

కొవిడ్ సమయంలో ప్రపంచమంతా రబ్బరు గ్లవ్స్ కోసం ఎగబడింది. మలేషియా ఫ్యాక్టరీల్లో పనిచేసేది ఎక్కువగా బంగ్లాదేశ్, నేపాల్ లాంటి దేశాల నుంచి వచ్చిన వలస కార్మికులు. ఉద్యోగం కోసం ఏజెంట్లకు కట్టిన అప్పులతో వాళ్లు కట్టు బానిసల్లా మారారన్న ఆరోపణలు వచ్చాయి. 2020 జూలైలో అమెరికా కస్టమ్స్ విభాగం ‘టాప్ గ్లవ్’ అనుబంధ సంస్థల సరుకును ఆపేసింది. కంపెనీ కార్మికులకు ఏజెంట్ ఫీజులు తిరిగి చెల్లించడం మొదలుపెట్టింది. 2021 సెప్టెంబర్‌లో ఆంక్షలు ఎత్తేశారు. అది దిగుమతి నిషేధం. నేరుగా కొనుగోలుదారుగానే కొరడా తీసింది కెనడా. మరో మలేషియా కంపెనీ ‘సూపర్‌మ్యాక్స్’ మీద ఇలాంటి ఆరోపణలే రావడంతో 2022 జనవరిలో ఆ సంస్థ కెనడా విభాగంతో ఉన్న గ్లవ్స్ కాంట్రాక్టులను రద్దు చేసింది. గల్ఫ్ వెళ్లే ముందు ఏజెంటుకు లక్షలు కట్టిన కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ కుటుంబాలకు ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. ఇక్కడ సరుకు కొనేవాడు ‘ఆ ఫీజు ఎవరు కట్టారు?’ అని అడిగాడు.

ఇక అమెరికా. ప్రభుత్వంతో వ్యాపారం చేసే కంపెనీలు జాతి, వర్ణ, మత వివక్ష చూపకూడదని, అందరికీ అవకాశాలు ఇచ్చేందుకు చర్యలు తీసుకోవాలని అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965లో ఉత్తర్వు ఇచ్చారు. దాదాపు 60 ఏళ్ల పాటు అమెరికా కంపెనీల నియామక విధానాలను తీర్చిదిద్దింది ఆ ఉత్తర్వే. 2025 జనవరిలో డొనాల్డ్ ట్రంప్ దాన్ని ఒక్క సంతకంతో రద్దు చేశారు. పైగా చట్టవిరుద్ధమైన వైవిధ్య కార్యక్రమాలు తమ దగ్గర లేవని కాంట్రాక్టర్లే ధ్రువీకరించాలని షరతు పెట్టారు. నిన్నటిదాకా వైవిధ్యమే మా విలువ అన్న పెద్ద పెద్ద కంపెనీలు ఆ పేజీలను వెబ్‌సైట్ల నుంచి తీసేయడం, కార్యక్రమాలకు పేర్లు మార్చడం మొదలైంది. ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అనే రాజకీయం పక్కన పెడదాం. మనకు తెలిసొచ్చేది ఒక్కటే. కంపెనీ ‘విలువ’ అని చెప్పుకునే దాంట్లో చాలా భాగం కొనేవాడి షరతే. షరతు మారితే విలువా మారుతుంది. అందుకే షరతును పాలకుల ఇష్టానికి వదలకుండా చట్టంలో పెట్టడం ముఖ్యం.

కాఫీ మెషిన్ చెప్పిన పాఠం

అలాగని టెండర్‌లో ‘కంపెనీ సామాజిక బాధ్యతతో ఉండాలి’ అని ఒక వాక్యం రాసేస్తే సరిపోతుందా? సరిపోదు. నెదర్లాండ్స్‌లోని నార్త్ హాలండ్ ప్రావిన్స్ కాఫీ మెషిన్ల టెండర్‌లో ఇలాగే రాసింది. ఫలానా ఫెయిర్ ట్రేడ్ ముద్ర ఉన్న కాఫీ కావాలంది. కంపెనీ సామాజిక బాధ్యతతో వ్యవహరించాలని కూడా కోరింది. కేసు యూరోపియన్ కోర్టు దాకా వెళ్లింది. 2012 మేలో తీర్పు వచ్చింది. రైతుకు న్యాయమైన ధర దక్కాలని అడగవచ్చు, కానీ ఒక ముద్ర పేరు చెప్పి అదే కావాలనడం కుదరదని, ‘సామాజిక బాధ్యత’ అని అస్పష్టంగా రాస్తే పోటీదారుకు ఏం చేయాలో తెలియదని కోర్టు తప్పుపట్టింది. ఏం కావాలో స్పష్టంగా, కొనే వస్తువుకు సంబంధించినంత వరకు రాయాలి. యూరప్‌లో 2014 నుంచి ఉన్న కొనుగోలు నిబంధనలు ఇంకో మాట కూడా చెబుతున్నాయి. ఎవరైనా అనుమానం వచ్చేంత తక్కువ రేటు వేస్తే ఎలా గిట్టుబాటవుతుందో వివరణ అడగాలి. కార్మిక చట్టాలు ఎగ్గొట్టడం వల్లే ఆ రేటు వచ్చిందని తేలితే బిడ్‌ను పక్కన పెట్టి తీరాలి.

ఈ పాఠం మనకు చాలా అవసరం. ఎందుకంటే రేపు మన దగ్గర సీఎస్‌ఆర్‌కు టెండర్‌లో మార్కులు ఇస్తామంటే లాభపడేది ఎవరు? 2 శాతం నిబంధన కిందకు వచ్చే పెద్ద కంపెనీలే. వాళ్ల దగ్గర ఫౌండేషన్ ఉంటుంది, ఫొటోలుంటాయి, రంగుల నివేదిక ఉంటుంది. పది మందికి సక్రమంగా జీతమిచ్చే చిన్న సంస్థ దగ్గర పీఎఫ్ చలాన్ తప్ప ఇంకేమీ ఉండదు. కేంద్ర శాఖలు, సంస్థల కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి, అందులో భాగంగా 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి, 3 శాతం మహిళల సంస్థల నుంచి ఉండాలన్న విధానం ఇప్పటికే ఉంది. ఒక చేత్తో చిన్నవాళ్లకు కోటా ఇచ్చి, ఇంకో చేత్తో సీఎస్‌ఆర్ మార్కుల పేరుతో బయటికి గెంటేయకూడదు కదా. అందుకే అడగాల్సింది దానధర్మాల ఆల్బమ్‌ను కాదు, ఈ పని చేసే మనుషులకు జీతం, భద్రత అందుతున్నాయన్న రుజువును.

మన రాష్ట్రాల్లో ఏం జరిగింది?

ఆంధ్రప్రదేశ్ ఒక ప్రయోగం చేసింది. ఏజెన్సీల దోపిడీకి చెక్ పెట్టాలంటూ 2019లో ‘ఆప్కాస్’ పేరుతో ఔట్‌సోర్సింగ్ సేవల కార్పొరేషన్‌ను ఏర్పాటు చేసింది. 2020 జూలైలో నియామక పత్రాలు ఇవ్వడం మొదలైంది. మధ్యవర్తి లేకుండా జీతం నేరుగా ఖాతాలో పడాలి, కమీషన్లు ఉండకూడదు, నియామకాల్లో సామాజిక వర్గాలకు, మహిళలకు వాటా ఉండాలి అన్నది లక్ష్యం. మధ్యవర్తి పోయాడు. సమస్య మొత్తం పోయిందా అంటే లేదు. 2023 డిసెంబర్ చివర్లో మున్సిపల్ కార్మికులు రాష్ట్రవ్యాప్తంగా సమ్మెకు దిగారు. సమాన పనికి సమాన వేతనం, రెగ్యులరైజేషన్ వాళ్ల డిమాండ్లు. ఏజెన్సీ తెర తొలగిపోయేసరికి ప్రశ్న నేరుగా ప్రభుత్వానికే తగిలింది. ప్రభుత్వం మారాక అసలు ఆప్కాస్ ఉండాలా వద్దా అనే చర్చ మొదలైంది. ఏది ఉన్నా, ఏది పోయినా కార్మికుడు చూసేది ఒక్కటే. నెలాఖరుకు జీతం పడుతుందా, పీఎఫ్ ఖాతాలో జమ కనిపిస్తుందా?

తెలంగాణలో సిరిసిల్ల ఇంకో కథ చెబుతుంది. 2017లో బతుకమ్మ చీరల పంపిణీ మొదలైంది. మొదటి ఏడాది కొంత సరుకు సూరత్ నుంచి తెప్పించారు. నాణ్యత మీద మహిళలు మండిపడ్డారు. తర్వాత ఆర్డర్ సిరిసిల్ల మరమగ్గాలకు వెళ్లింది. ఏటా దాదాపు కోటి చీరలు. ఒకప్పుడు నేతన్నల ఆత్మహత్యల వార్తలతో గుర్తుకొచ్చే ఊరికి నెలల తరబడి చేతినిండా పని దొరికింది. సర్కారు కొనుగోలు అంటే ధర ఒక్కటే కాదని, ఎవరి దగ్గర కొంటున్నామన్నది కూడా విధానమేనని చూపించిన ఉదాహరణ ఇది. కానీ దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒక్క ఖాతాదారు మీద ఊరంతా ఆధారపడితే ఆ ఖాతాదారు ఆగిన రోజు మగ్గమూ ఆగుతుంది. 2023 చివర్లో ప్రభుత్వం మారింది. పథకం నిలిచింది. పాత బకాయిల గొడవ మొదలైంది. సిరిసిల్ల నుంచి మళ్లీ విషాద వార్తలు వినిపించాయి. తర్వాత మహిళా సంఘాల సభ్యులకు ఇచ్చే చీరల పేరుతో ఆర్డర్లు తిరిగొచ్చాయి. ఈ ఎగుడుదిగుళ్లలో మగ్గం యజమాని దగ్గర పనిచేసే ఆసాములు, కార్మికుల సామాజిక భద్రత గురించి పట్టించుకునే తీరిక ఎవరికి ఉంటుంది? కొనుగోలు నిలకడగా ఉంటేనే బాధ్యత నిలబడుతుంది.

అధికారి భయం కూడా నిజమే

ఎల్1ను తిట్టడం తేలిక. కానీ దాన్ని ఎందుకు పెట్టారో మర్చిపోకూడదు. అయినవాళ్లకు కాంట్రాక్టులు కట్టబెట్టకుండా ఆపే గోడ అది. తక్కువ రేటుకు ఇస్తే ఏ ఆడిట్, ఏ విజిలెన్స్ అధికారినీ వేలెత్తి చూపదు. రెండు రూపాయలు ఎక్కువకు మంచి ఏజెన్సీని ఎంచుకుంటే మాత్రం ‘ఎందుకు ఎక్కువిచ్చారు?’ అని ఫైలు తిరుగుతూనే ఉంటుంది. రిటైరయ్యాక కూడా వెంటాడే ప్రశ్న అది. కాబట్టి ‘మంచి మనసుతో చూడండి’ అని అధికారికి చెప్పి లాభం లేదు. రాతపూర్వకమైన కొలమానం ఇవ్వాలి.

ఆ దారి కొంత తెరుచుకుంది కూడా. 2021 అక్టోబర్‌లో కేంద్ర ఆర్థికశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు కొన్ని పనులు, సేవలకు ధరతో పాటు నాణ్యతకూ మార్కులు ఇవ్వొచ్చని, అయితే అవి 30 శాతం మించకూడదని చెప్పాయి. బ్రిటన్‌లో 2021 నుంచి కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టుల్లో సామాజిక ప్రయోజనానికి కనీసం 10 శాతం మార్కులు ఇస్తూ వచ్చారు. మన 30 శాతంలో పదో, పదిహేనో ఏజెన్సీ గత చరిత్రకు ఇస్తే చాలు, ఆట మారుతుంది.

ఇంతకీ ఏం చేయొచ్చు?

కొత్త చట్టం అక్కర్లేని పనులు ఇవి.

ఒకటి. బిల్లుతో పాటు గత నెల జీతాలు బ్యాంకులో పడినట్టు రుజువు, ఒక్కో కార్మికుడి పేరుతో పీఎఫ్, ఈఎస్ఐ జమ వివరాలు జతచేయాలి. చాలా టెండర్లలో ఈ షరతు ఉంటుంది. దాన్ని నెలనెలా సరిచూసే మనిషి పేరు కూడా ఉండాలి.

రెండు. బిల్లు టైంకి చెల్లించాలి. ఆలస్యమైతే కాంట్రాక్టర్ అడగకుండానే వడ్డీ కలిసిపోవాలి. కనీసం జీతాల వరకైనా మొదట విడుదల చేసే పద్ధతి పెట్టాలి.

మూడు. లెక్కకు అందని రేటు వేస్తే వివరణ అడగాలి. కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ, యూనిఫాం, భద్రతా పరికరాలు కలిపి ఎంతవుతుందో ప్రభుత్వమే ముందు లెక్క వేసి పెట్టుకుంటే, అంతకంటే తక్కువ బిడ్ ఎక్కడ కోత పెడుతుందో వెంటనే దొరుకుతుంది.

నాలుగు. పీఎఫ్ ఎగ్గొట్టిన, జీతాలు ఆపిన, కార్మికుడి ప్రాణం పోవడానికి కారణమైన సంస్థల చరిత్ర ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు తెలియాలి. ఒక జిల్లాలో తప్పించుకున్న ఏజెన్సీ పక్క జిల్లాలో కొత్త పేరుతో ఎల్1 కాకూడదు.

అయిదు. కార్మికుడికి ఒక కాగితం ఇవ్వాలి. తన పోస్టుకు ప్రభుత్వం ఏజెన్సీకి నెలకు ఎంత ఇస్తోంది, తన చేతికి ఎంత రావాలి అన్నది తెలుగులో, అంకెలతో. ఇదే పట్టికను ఆఫీసు నోటీసు బోర్డు మీద పెట్టాలి. అన్ని తనిఖీలకంటే చవకైన తనిఖీ ఇదే.

ఇందులో ఏదీ సర్కారు ఖజానాకు పెద్ద భారం కాదు. భారం అనిపించేది ఏదైనా ఉంటే, ఇన్నాళ్లూ అది కార్మికుడి జేబులోంచి పోతోందన్నమాట. టెండర్‌లో తగ్గించి ఆదా చేశామని చెప్పుకునే రూపాయి, రేపు పీఎఫ్ లేని ముసలితనంగా, ఈఎస్ఐ లేని ఆసుపత్రి బిల్లుగా, చివరికి పింఛన్ దరఖాస్తుగా మళ్లీ ప్రభుత్వం గుమ్మం ముందుకే వస్తుంది.

వచ్చే కొన్ని నెలల్లో కొత్త లేబర్ కోడ్‌లకు అనుగుణంగా టెండర్ డాక్యుమెంట్లను చాలా శాఖలు తిరగరాయాల్సి ఉంటుంది. కాంట్రాక్టులు రెన్యువల్ చేసేటప్పుడు పాత ఫార్మాట్‌లో తేదీ మార్చి వదిలేస్తారా, లేక ఆ నాలుగు లైన్లు కొత్తగా చేరుస్తారా అన్నది చూడాలి. మీ ఊళ్లో మున్సిపాలిటీనో, ఆసుపత్రో ఈసారి ఔట్‌సోర్సింగ్ టెండర్ పిలిస్తే ఎంతకు ఖరారైందన్న అంకెతో ఆగిపోవద్దు. జీతం రుజువు షరతు ఏ పేజీలో ఉందో కూడా అడగండి.